ముగింపు లేని జబ్బుకు కథ ఎలా కట్టాలి

విజయనగరం పైడితల్లి అమ్మవారి కథలో ఒక రోగం ఉంది. విజయదశమి తర్వాతి మంగళవారం సిరిమాను చూడడానికి వచ్చే జనంలో చాలామందికి బొబ్బిలి యుద్ధం తెలుసు, తాండ్ర పాపారాయుడు తెలుసు. ఆ రోగం సంగతి మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. 1757 జనవరిలో విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి మీదికి వెళ్ళేనాటికి కోటలో ఆయన భార్యకూ చెల్లెలు పైడిమాంబకూ మశూచి పోసి ఉందని ఐతిహ్యం. అన్నకు గండం ఉందని తెలుసుకున్న పైడిమాంబ పతివాడ అప్పలనాయుడు తోడుగా బయలుదేరిందనీ, దారిలో అన్న చావు కబురు విని కుప్పకూలిందనీ, తర్వాత పెద్దచెరువు పడమటి గట్టున విగ్రహమై దొరికిందనీ చెబుతారు. ఊరి ఇలవేల్పు కథ నడిచేదే ఒక రోగిష్టి ఆడపడుచు చుట్టూ. దీర్ఘరోగాన్నీ వైకల్యాన్నీ మన కథలూ నాటకాలూ ఎలా చూపిస్తాయో చూడడానికి ఇక్కణ్ణుంచే మొదలుపెట్టవచ్చు.

మశూచిని మన పల్లెలు రోగమనే అనలేదు, అమ్మవారు పోసిందన్నాయి. గుమ్మానికి వేపమండలు కట్టడం, ఒంటికి పసుపూ వేపాకూ నూరి రాయడం, చలవ చేసే తిండి పెట్టడం, ఇంట్లో తాలింపు వేయకపోవడం, మంచం దగ్గర గొంతు పెంచకపోవడం, రోగిని విసుక్కోకపోవడం: ఇదంతా వైద్యంగా ఎంత పనిచేసిందన్నది పక్కన పెడితే, మంచాన పడ్డ మనిషికి దక్కిన మర్యాద మాత్రం నిజం. పొక్కులు మాడాక తలకు నీళ్ళు పోస్తే ఆ ఘట్టం ముగిసేది. దేశంలో చివరి మశూచి కేసు 1975లో బయటపడింది, 1977లో ఆ రోగం పోయిందని ప్రకటించారు. ఆ మర్యాదలన్నీ ఇప్పుడు ఆటలమ్మకు దక్కుతున్నాయి.

కుష్ఠు కూడా చర్మం మీద మచ్చ వేసేదే. దానికి మాత్రం వేపమండలు లేవు, పూర్వజన్మ పాపం అన్న మాట ఒక్కటే మిగిలింది. కృష్ణుడి కొడుకు సాంబుడు శాపం తగిలి కుష్ఠురోగి అయ్యాడు, సూర్యుణ్ణి కొలిచి బాగుపడ్డాడు. మయూరుడనే కవి సూర్యశతకం చెప్పి ఆ రోగం పోగొట్టుకున్నాడని మరో కథ. అరసవల్లి సూర్యదేవాలయంలో కంటిజబ్బులకూ చర్మవ్యాధులకూ మొక్కుకునే అలవాటు వెనక ఉన్నది ఈ కథలే. ‘ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్’ అన్న మాట అక్కడ పిల్లలకు కూడా నోటికి వస్తుంది. దేవుడు నయం చేస్తాడన్న నమ్మకం రోగికి ఊరటే. కాకపోతే ఆ కథల్లో రోగం శిక్షగా మొదలై క్షమతో పోతుంది. పోని రోగం ఉన్నవాడు ఇంకా క్షమ దొరకనివాడుగా మిగిలిపోతాడు.

రెండూ ఒంటి మీద గుర్తులు వేసే రోగాలే కదా, ఒకటి దేవత ఎందుకయింది, ఒకటి పాపం ఎందుకయింది? కారణాలు పలు రకాలు. వాటిలో కళకు సంబంధించినది కాలవ్యవధి. మశూచి మూడు నాలుగు వారాల్లో అటో ఇటో తేలిపోతుంది. మొదలు, నడుమ, చివర ఉన్నాయి కాబట్టి దానికి తంతు కుదిరింది, పాట కుదిరింది. మందులు లేని కాలంలో కుష్ఠు ఇరవై ముప్ఫై ఏళ్ళు సాగేది. అన్నేళ్ళపాటు ఏ ఊరూ తంతు నడపలేదు. తంతు లేనిచోట తీర్పు వచ్చి కూర్చుంది. వైకల్యాన్నీ దీర్ఘరోగాన్నీ మన కళలు ఎలా చూపిస్తాయో అర్థం చేసుకోవడానికి ఇది అన్నిటికన్నా పనికొచ్చే ఆధారం. ముగిసే బాధకు మన దగ్గర రూపాలు సిద్ధంగా ఉన్నాయి. ముగియని బాధ ఎదురైతే రచయిత చేయి ఆడదు. అందుకే దాన్ని బలవంతంగానైనా ముగిస్తాడు. పాత్రను చంపుతాడు, లేదా ఆపరేషన్ చేయించి బాగుచేస్తాడు, లేదా త్యాగం చేయించి తెర బయటికి పంపేస్తాడు.

నయమైతేనే కథ

పురాణాల్లో ఈ పద్ధతి ఎంత గట్టిదో చూడాలంటే అష్టావక్రుణ్ణి తీసుకోవాలి. ఎనిమిది వంకరల ఒంటితో జనకుడి సభకు వెళ్ళి, వంది అనే పండితుణ్ణి వాదంలో ఓడించి, తండ్రిని విడిపించుకున్నవాడు. అక్కడికే కథ నిండింది. అయినా మహాభారతం అంతటితో ఊరుకోలేదు. సమంగ నదిలో స్నానం చేయించి వంకరలు తీయించింది. భాగవతంలో కుబ్జకు గూని పోవాలి, ఆ తర్వాతే ఆమె అందగత్తె. ధృతరాష్ట్రుడి గుడ్డితనం పుత్రప్రేమకు గుర్తు. శకుని కుంటి నడక వ్యాసుడి మాట కాదు, తర్వాతి నాటకాలూ తెరా తగిలించినది. కుట్రదారు కాలు వంకరగా ఉండకపోతే ప్రేక్షకుడికి నమ్మకం కుదరదని కాబోలు.

ఈ వరుసలో పడనివాడు ఒక్కడున్నాడు, అతను అరసవల్లిలోనే ఉన్నాడు. సూర్యరథ సారథి అనూరుడు. సవతి కద్రువ గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేసరికి వినత ఓర్చుకోలేక తన గుడ్డు ఒకటి చిదిపింది. అప్పటికి నడుము పైభాగమే ఏర్పడింది. తొడలు లేకుండా పుట్టిన ఆ కొడుకు తల్లిని దాసివి కమ్మని శపించి, రెండో గుడ్డునైనా కాపాడుకోమని చెప్పి సూర్యుడి దగ్గరికి వెళ్ళాడు. ఈ కథలో వైకల్యానికి కారణం అతని పాపం కాదు, వేళకు ముందే జరిగిన కాన్పు. అది ఎంత ఆధునికమైన వివరమో నెలలు నిండని కాన్పులు చూసే డాక్టర్లకు తెలుసు. అతనికి దొరికిన పనికి కాళ్ళతో నిమిత్తం లేదు, ఏడు గుర్రాల పగ్గాలు పట్టడానికి చేతులు చాలు. చివరికి ఎవరూ అతనికి కాళ్ళు మొలిపించరు. తల్లి మీద కోపం కూడా కథలో అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ చల్లార్చరు. శిల్పులు అతన్ని నడుము పైనుంచే చెక్కుతారు, పగ్గాలతో సహా. మన సంప్రదాయంలో వైకల్యాన్ని బాగుచేయకుండా, ఏడ్వకుండా, పని ఇచ్చి వదిలేసిన నమూనా ఇది. దీన్ని తీసుకుని నాటకం రాసినవారు ఎందరో వెతకాల్సిందే.

సీతంపేట కొండల మీది సవర గిరిజనుల గోడబొమ్మల్లో ఇంకో దారి కనిపిస్తుంది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో చతురస్రంగా ఒక ఇల్లు గీస్తారు. లోపల మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు. ఈ బొమ్మ వేయడానికి కారణాల్లో రోగం ముఖ్యమైనది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఏ పితరుడో, ఏ ఆత్మో అలిగిందని పూజారి చెబుతాడు. ఆ అలిగినవారికి గోడ మీద ఇల్లు కట్టి ఇస్తారు. ఆ ఇంట్లోకి వారు కోరినవన్నీ వస్తాయి. సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా బొమ్మల్లోకి వచ్చాయి. గమనించాల్సింది ఒకటే: అంత బొమ్మలోనూ మూలుగుతున్న రోగి ఉండడు. రోగం ఇక్కడ ఒక ఒంటి బాధ కాదు, ఇంటిల్లిపాదీ తీర్చాల్సిన బాకీ. ఇదే బొమ్మను ఇప్పుడు గుడ్డ మీదా కాగితం మీదా వేసి అలంకారంగా అమ్ముతున్నారు. అమ్మడంలో తప్పేమీ లేదు. బొమ్మ కింద ‘గిరిజన నృత్యం’ అని పేరు పెట్టడమే తప్పు.

ఉద్దానం: కెమెరాకు దొరకని రోగం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు గురించి ఇప్పటికి లెక్కలేనన్ని కథనాలు వచ్చాయి. చాలావాటిలో మూడే మూడు బొమ్మలు: ఉబ్బిన కాళ్ళు, మంచం మీద పరిచిన రిపోర్టులు, భర్త ఫొటో పట్టుకున్న భార్య. మూడూ నిజమే, మూడూ చివరి దశవే. కారణం తేలని ఈ జబ్బు మొదటి ఏళ్ళలో ఏ గుర్తూ ఇవ్వదు. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో లాగా మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోదు. మొదట్లో బీపీ కూడా చాలామందిలో పెరగదు. వాపు ఉండదు. జీడితోటలో పొద్దంతా పనిచేసే మనిషి రక్తపరీక్షలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రెండు దాటి ఉండవచ్చు, అతనికి కొంచెం నీరసం తప్ప ఇంకేమీ తెలియకపోవచ్చు. ఈ దశే ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఒక నాటకకర్తకు అసలు సరుకు ఉన్నది ఇక్కడ: రిపోర్టు చెప్పేది ఒకటి, ఒళ్ళు చెప్పేది ఇంకొకటి, ఇంట్లోవాళ్ళు నమ్మేది ఒంటినే. కెమెరా మాత్రం ఒళ్ళు రిపోర్టుతో ఏకీభవించిన రోజున వస్తుంది.

డయాలసిస్ దశకు వచ్చాక కూడా చూపించేది సూదులూ గొట్టాలే. చూపించాల్సినవి వేరే ఉన్నాయి. ముందు చేతిలో రక్తనాళాలు రెండింటిని కలిపి ఫిస్టులా చేస్తారు, మామూలుగా రోగి తక్కువ వాడే చేతికి. అది పనికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వేలు పెడితే జుమ్మని అదురు తెలుస్తుంది. పొద్దున్నే లేచి ఆ అదురు ఉందో లేదో చూసుకోవడం రోగి దినచర్యలో మొదటి పని, ఎందుకంటే ఆగిపోతే ఫిస్టులా పోయినట్టే. ఆ చేతికి బీపీ చూడరాదు, రక్తం తీయరాదు, బరువు ఎత్తరాదు, బిగుతు గాజులు వేయరాదు, తలకింద పెట్టుకుని పడుకోరాదు. కొత్త కోడలికి ఫిస్టులా ఉంటే గాజుల సంగతి ఏమవుతుంది, పెళ్ళిలో ఎవరు ఏమంటారు అన్న ఒక్క సంగతి మీద గంట నాటిక నడుస్తుంది. పెద్ద సంభాషణలు కూడా అక్కర్లేదు.

నీళ్ళ లెక్క ఇంకా విచిత్రమైనది. ఒక సెషన్ నాలుగు గంటలు. యంత్రంలో నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్ల డయాలసిస్ ద్రవం ప్రవహిస్తుంది, అంటే సెషన్‌కు దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు. యంత్రానికి అంత నీరు పడుతున్న చోట రోగి తాగగలిగేది రోజుకు అరలీటరు, దానికి తోడు అతనికి రోజూ మూత్రం ఎంత వస్తుందో అన్ని నీళ్ళు. మూత్రం పూర్తిగా ఆగినవారికి ఆ అరలీటరే. మందులు మింగే నీళ్ళు, మజ్జిగ, చారు, టీ అన్నీ అందులోనే. నీటి మీదనే అనుమానం ఉన్న ప్రాంతంలో ఈ లెక్క కన్నా నాటకీయమైనది ఎవరూ కల్పించలేరు.

తిండి కూడా అంతే. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. మూడింటిలోనూ పొటాషియం ఎక్కువ. జబ్బుపడ్డ కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పేరుకుంటే కండరాలు సడలి గుండె లయ తప్పుతుంది. ఒక కొబ్బరిబొండం అతిథికి మర్యాద, ఈ రోగికి ప్రమాదం. సొంత తోటలో కాసినది తినలేని రైతు కథను టీవీ కథనాలు రాయితీ మాత్రలూ నాయకుల పరామర్శల మధ్య వదిలేశాయి. కూరగాయల్ని సన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండే ఇల్లాలి పని కూడా తెరకు ఎక్కదు. పారబోసిన ఆ నీళ్ళలోనే కూర రుచి పోతుంది. ఇంటి మగవాడు పళ్ళెం తోసేసే గొడవలు అక్కడే మొదలవుతాయి.

సెషన్ గదిని చూపించే దర్శకులు చేసే పొరపాటు రోగి మొదటి నిమిషం నుంచీ మూలగడం. సూదులు గుచ్చేటప్పుడు నొప్పి ఉంటుంది, తర్వాత రెండు గంటలు చాలామంది నిద్రపోతారు, ఫోన్ చూస్తారు, పక్క మంచం వాళ్ళతో ఊసులాడతారు. కండరాలు పట్టేయడం, బీపీ పడిపోవడం ఎక్కువగా మూడో నాలుగో గంటల్లో. అప్పుడు టెక్నీషియన్ ఒంట్లోంచి నీరు లాగే వేగాన్ని తగ్గిస్తాడు, కాళ్ళు ఎత్తిపెడతాడు, సెలైన్ ఇస్తాడు. ఇంటికొచ్చాక కొన్ని గంటలు లేవలేరు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. దగ్గర్లో కేంద్రాలు లేని రోజుల్లో విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి దాదాపు రెండువందల కిలోమీటర్లు వెళ్ళి రావలసివచ్చేది. పాత కథలో ప్రయాణం ప్రధానం, కొత్త కథలో ప్రధానం వారానికి రెండు మూడు రోజులు కూలి పోగొట్టుకుని వెంట వచ్చే మనిషి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. దాన్ని ఇంట్లో ఎవరు ఖర్చుపెడతారన్నది మరో నాటిక.

కారణం విషయంలోనే రచయితలు ఎక్కువ తొందరపడతారు. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ వల్ల ఒంట్లో నీరు ఇంకిపోవడం, అతిగా మింగే నొప్పి మాత్రలు అన్నీ అనుమానితులే, దోషి ఇంకా తేలలేదు. కథకు ప్రతినాయకుడు కావాలి కాబట్టి ఒక ఫ్యాక్టరీ యజమానినో ఒక మందుల దుకాణాన్నో తెచ్చి నిలబెడితే ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు, అక్కడున్న రోగి మాత్రం ఆ నీళ్ళు మానేసి మాత్రలు మింగుతూనే ఉంటాడు. తేలని కారణాన్ని తేలనట్టే రాయడం కష్టం. ఆ తేలకపోవడమే ఇంటింటా పుట్టించే రకరకాల నమ్మకాలు, బోరు మార్చడాలు, ఊరు విడిచి కూతురి దగ్గరికి పోవడాలు, సంబంధాలు తప్పిపోవడాలు మాత్రం రాయదగ్గవే.

ఒంటిని నటించడం

పరిషత్ నాటికల్లోనూ లఘుచిత్రాల్లోనూ వైకల్యం ఎక్కువగా తప్పేది నడకలో. ఒక కాలు బలహీనంగా ఉన్నవారు ఒంటికర్ర వాడితే దాన్ని బాగున్న కాలి వైపు చేత్తో పడతారు, బలహీనమైన కాలితో పాటే కర్ర ముందుకు పడుతుంది. నటులు పది మందిలో తొమ్మిది మంది కుంటే కాలి వైపే పడతారు. చంకకర్రల పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, బరువు అరచేతుల మీద పడాలి. చంక మీద వేలాడితే నరం నలిగి చేయి పడిపోతుంది. పోలియో కాలు సన్నబడి మెత్తగా ఉంటుంది, బిగుసుకుని ఉండదు. తొడ కండరం పట్టు లేక చాలామంది అడుగు వేసేటప్పుడు చేత్తో తొడను వెనక్కి నొక్కుతారు.

వయసు లెక్క కూడా చూసుకోవాలి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. ఈ రోజు జరిగే కథలో పదేళ్ళ పోలియో పిల్లవాణ్ణి పెడితే అది చరిత్ర తెలియకపోవడమే. ఆ వయసు పిల్లవాడికి నడక రాకపోవడానికి సెరిబ్రల్ పాల్సీ లాంటి కారణాలు చాలా ఎక్కువ సంభావ్యం, అప్పుడు కండరం మెత్తగా కాకుండా బిగుసుకుని ఉంటుంది, మోకాళ్ళు కత్తెరలా దగ్గరికి వస్తాయి. నటన మొత్తం మారిపోతుంది.

పక్షవాతంలో మాట పోవడం సాధారణంగా కుడివైపు పడిపోయినప్పుడు జరుగుతుంది, చాలామందిలో భాష మెదడు ఎడమ భాగంలో ఉంటుంది కాబట్టి. ఎడమ చేయి పడిపోయి మాట కూడా పోయిన తండ్రి పాత్రలు నాటకాల్లో కొల్లలు. చేయి ఎడమదయితే కుడిచేత్తో నటించడం సులువని కావచ్చు. మోచేయి వంగి పిడికిలి బిగుసుకుంటుంది, కాలు పక్కకు అర్ధచంద్రంలా తిరుగుతూ ముందుకు వస్తుంది. రెండో అంకంలో పక్క మారిపోవడం కూడా చూస్తూనే ఉన్నాం.

చూపు లేనివారిగా వేసేవారు కనుగుడ్లు పైకి తిప్పుతారు, చేతులు ముందుకు చాచి గాలిలో తడుముతారు. చట్టరీత్యా అంధులైనవారిలో ఎక్కువమందికి ఎంతో కొంత వెలుతురు, ఆకారం తెలుస్తాయి. తెల్లకర్ర పొడవు రొమ్ము ఎముక దాకా ఉండాలి. కొస భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువగా ఇటూ అటూ తిరుగుతుంది, కుడికాలు ముందుకు పడుతున్నప్పుడు కొస ఎడమవైపు నేలను తాకుతుంది. తోడు వచ్చేవారు వెనకనుంచి తోయరు. అర అడుగు ముందు నడుస్తారు, చూపు లేని మనిషి వారి మోచేయి పైన పట్టుకుంటాడు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారన్న ఆ ఒక్క తేడాతో పాత్ర ఆధారపడేదా, దారి అడిగి తన నడక తాను నడిచేదా అన్నది ప్రేక్షకుడికి మాట లేకుండా అందుతుంది.

చెవిటి పాత్రలు పెదాలు చూసి సర్వం గ్రహించేస్తాయి మన సినిమాల్లో. అద్దం ముందు నిలబడి పాప, మామ, బాబ అని గొంతు లేకుండా అనిచూస్తే మూడూ ఒక్కటేనని తెలుస్తుంది. క, గ లాంటివి గొంతు దగ్గర పుడతాయి, బయటికి కనబడవు. మీసం, వెనక వెలుతురు, నోట్లో కిళ్ళీ ఉంటే ఉన్నది కూడా పోతుంది. నత్తి హాస్యం మరీ పాతది. నత్తి ఉన్నవారు ప్రతి మాటకూ ఒకే కొలతలో తడబడరు; ఎక్కువగా మాట మొదట్లో ఆగుతారు, కొన్ని రోజులు అసలు తడబడరు, పాడేటప్పుడు చాలామందికి నత్తి ఉండదు. అంత సంక్లిష్టమైన దాన్ని ‘బ్బ బ్బ బ్బ’ దగ్గర ఆపేయడం బద్ధకం.

కుష్ఠు పాత్ర అంటే ఇప్పటికీ చింపిరి గుడ్డ, రాలిన వేళ్ళు. వేళ్ళు రాలవు. నరం దెబ్బతిని స్పర్శ పోతుంది, వేడి గిన్నె పట్టుకున్నా ముల్లు దిగినా తెలియదు, ఆ పుండ్లు ముదిరి ఎముక అరుగుతుంది. మందులు రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు, ఉచితం. వాడకం మొదలైన కొద్ది రోజుల్లోనే అంటుకునే గుణం పోతుంది. సాలూరులో కుష్ఠు వైద్యానికి మిషన్ ఆసుపత్రి వందేళ్ళకు పైబడి ఉన్న ప్రాంతంలో ఈ సంగతులు తెలుసుకోవడానికి దూరం వెళ్ళక్కర్లేదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును చట్టం తీసేసిందే 2019లో. అందాకా చట్టమే పాత నాటకం ఆడింది.

మానసిక రోగాల సంగతి వేరే వ్యాసమంత. ఒక్కటి చెప్పి వదలాలి: అవి వచ్చి తగ్గి మళ్ళీ వచ్చేవి. మందుల వల్ల చేతులు వణకడం, ఒళ్ళు రావడం, పగలు నిద్ర ఉంటాయి. తెర మీద జుట్టు విరబోసుకుని నవ్వే మనిషికి వీటిలో ఏదీ ఉండదు.

వేదిక ఎక్కేది ఎవరు

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆస్థాన ఉద్యోగి చాగంటి జోగారావు కుమారుడు అంధుడు. అతనికి సంగీతం నేర్పే ఏర్పాటు కావాలన్న ఆలోచనే మహారాజా విజయరామ గజపతి కళాశాల పెట్టడానికి కారణమైంది. తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ తర్వాత 1936లో ఆ పీఠం ఎక్కిన ద్వారం వెంకటస్వామినాయుడుకి కూడా చూపు సరిగా ఉండేది కాదు. ఘంటసాల చదివిన కళాశాలగా అందరూ చెప్పుకుంటారు, మహారాజు దయాగుణం చెప్పుకుంటారు. ఒక అంధబాలుడి అవసరం మీద సంస్థ నిలబడిన సంగతి ఉపోద్ఘాతంలో ఒక వాక్యం. దయగా చెప్పినప్పుడు కథ రాజుది. అవసరంగా చెబితే కథ ఆ పిల్లవాడిది.

చూపు లేనివారికి కర్ణాటక సంగీతం కుదరడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. పాఠం గురుముఖంగా, చెవితో, వరస మీద వరసగా సాగుతుంది. స్వరలిపి చూసి వాయించే పద్ధతి కాదు. వేదిక ఎక్కాక ఎదురు పుస్తకం ఉండదు. అడ్డం వచ్చేది ఈ కాలపు రాతపరీక్ష. దానికి లేఖకుణ్ణి పెట్టుకోవచ్చు, నిబంధనల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. ఇబ్బంది ఎక్కడంటే, అభ్యర్థి రాగలక్షణం చెబుతుంటే సంగీతం తెలియని లేఖకుడు స్వరస్థాయి గుర్తులు ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేస్తాడు. పరీక్షకు వారం ముందైనా ఆ గుర్తులు అతనికి నేర్పించుకోవాలి.

కాళ్ళతో ఇబ్బంది ఉన్న కళాకారుడికి అడ్డు వేదిక ఎత్తు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. మూడు అడుగుల వేదికకు 36 అడుగుల ర్యాంపు అన్నమాట, మధ్యలో ఆగడానికి చదును వేరే. ఊళ్ళ కళావేదికల పక్కన అంత స్థలం చూసి కట్టేవారు తక్కువ. పది అడుగుల్లో నిటారుగా ఒకటి పోసి ప్రారంభిస్తారు. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, దిగితే ఆగదు. చివరికి నలుగురు ఎత్తి వేదిక మీద పెడతారు, జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు పాటకు కాదని పాడేవాడికి తెలుసు. స్థలం లేనప్పుడు వేదిక ఎత్తు అడుగుకు తగ్గించుకుంటే పన్నెండు అడుగుల్లో పని అయిపోతుంది. తప్పెటగుళ్ళు, జముకుల కథ నేల మీదే నడుస్తాయి, వాటికి ఈ బెడదే లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా: 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, కుష్ఠు నయమైనవారు కూడా అందులో ఉన్నారు. నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. 2024 జులై 8న సుప్రీంకోర్టు ఒక సినిమా కేసులో దృశ్యమాధ్యమాలకు మార్గదర్శకాలు చెప్పింది. వైకల్యాన్ని చులకన చేసే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అంది. వైద్యపరంగా నిజాన్ని చూపాలంది. వైకల్యం ఉన్నవారిని అద్భుతశక్తులున్నవారిగా చూపడం కూడా మూసే అంది. ఈ చివరిది మన దగ్గర ఎక్కువ పట్టించుకోవాల్సింది. పదో తరగతి ఫలితాల రోజున కాళ్ళతో పరీక్ష రాసిన పిల్ల ఫొటో వేసే పత్రిక, ఆ బడిలో మరుగుదొడ్డి తలుపు ఎంత వెడల్పో ఎన్నడూ రాయదు.

ఈ మూసల్ని కొలవడానికి శ్రీకాకుళంలోనే చోటు ఉంది. కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయంలో కూర్చుని, ఒక దశాబ్దం ఎంచుకుని, రోగీ వికలాంగుడూ ఉన్న కథలకు ఒక పట్టిక వేయవచ్చు. కావాల్సిన గడులు అయిదు: చివరి పేజీలో ఆ మనిషి చనిపోయాడా, బాగుపడ్డాడా, వెళ్ళిపోయాడా, ఇతరుల మనసు మార్చి పక్కకు తప్పుకున్నాడా, లేక ముందులాగే ఉన్నాడా. శీర్షికలు చూసి ఏరితే పని చెడుతుంది. ఇలాంటి పాత్రలు ఎక్కువగా పక్క పాత్రలు, శీర్షికలో ఉండవు. నేలమీది ముసలితల్లి, మూల కూర్చున్న మూగ మేనత్త, వీధిలో బిచ్చగాడు కూడా లెక్కలోకి రావాలి. ఆ పాత్రకు కథలో సొంత మాట ఎన్ని వాక్యాలు ఉందో ఆరో గడిగా వేస్తే మరీ మంచిది.

అయిదో గడిలో పడే నాటిక రాయాలనుకునేవారికి జీవితకథ కొలత పనికిరాదు, వారం కొలత పనికొస్తుంది. ఒక సెషన్ నుంచి మరో సెషన్ దాకా మూడు రోజులు తీసుకుంటే మొదలూ చివరా దొరుకుతాయి, ఎవర్నీ చంపక్కర్లేదు. మొదటి రోజు ఒళ్ళు తేలికై నీరసం, రెండో రోజు తోటలోకి వెళ్ళగలగడం, మూడో రోజు బరువు పెరిగి ఆయాసం, నీళ్ళచెంబు మీద పోట్లాట, మళ్ళీ ఆటో ఎక్కడం. ప్రదర్శన ఉద్దానంలోనే వేసేటట్టయితే రోజు ఎంచుకోవడం కూడా అదే లెక్క. అందరికీ తీరికని ఆదివారం సాయంత్రం పెడతారు. సోమ, బుధ, శుక్రవారాల షిఫ్టువాళ్ళకు అది రెండు రోజుల నీరు ఒంట్లో నిలిచిన పూట, గంట కూర్చోవడమే కష్టం. మంగళ, గురు, శనివారాల వాళ్ళు మాత్రం ముందురోజే డయాలసిస్ అయి కాస్త కుదుటపడి ఉంటారు. రెండు జట్లూ రావాలంటే ఆదివారం ఒకటి, గురువారం పొద్దున ఒకటి, రెండు ఆటలు వేయాలి. గురువారంనాడు పొద్దుటి షిఫ్టువాళ్ళు కేంద్రంలో ఉంటారు కాబట్టి ఆ ఆట బుధవారం షిఫ్టువాళ్ళకు.